ఎర్మీనియమ్మ చేమదుంపలు

ఆ ఆదివారం నేను పలక ముట్టుకున్నాను.

మా ఊరు ఫుర్నాస్‌లో పుట్టినవాళ్ళెవరూ చేయని పని అది. చెరువు ఒడ్డున ఆవిరి కక్కే గోతుల్లో తెల్లవారుతూనే కుండలు దింపుతారు. పైన మట్టి కప్పి, ఎవరి దిబ్బ మీద వాళ్ళ పేరున్న పలక గుచ్చుతారు. మధ్యాహ్నానికి మాంసం, క్యాబేజీ, దుంపలు నేల వేడికే ఉడుకుతాయి. దిబ్బలన్నీ ఒక్కలాగే ఉంటాయి. గుర్తంటే ఆ పలకే.

గోతుల్లోంచి కుండలు తీసి, పలక చదివి ఎవరివి వాళ్ళకు అందించే అడెలీనో మావయ్యకు కాఫీ ఇచ్చి తిరిగి వస్తుంటే, లిస్బన్ నుంచి చూడడానికి వచ్చిన ఒకావిడ నన్ను ఆపింది.

"అమ్మాయీ, ఆ పలకలు రెండూ కాస్త తీసివ్వవూ? పట్టుకుని ఫొటో దిగుతాం. ఎంత ముద్దుగా ఉన్నాయో!"

కొత్తవాళ్ళు పలకరిస్తే నాకు మెడ దాకా ఎర్రబడుతుంది. కాదనడం కంటే తీసివ్వడమే తేలికనిపించింది. ఒకటి బ్రౌలియో హోటల్‌ది, రెండోది ఎర్మీనియమ్మది. వాళ్ళు నవ్వుతూ ఫొటోలు దిగి, పలకలు నా చేతిలో పెట్టి వెళ్ళిపోయారు. ఈలోగా గాలి తిరిగింది. గంధకం ఆవిరి నా చుట్టూ కమ్మేసింది. అది విడిపోయేసరికి ఏ దిబ్బ ఎవరిదో నాకు తెలియలేదు.

మావయ్యను అడగవచ్చు. అడిగితే పలకలు తీశానని తెలిసిపోతుంది. తోచినట్టు గుచ్చేసి ఇంటికి వచ్చేశాను.

మధ్యాహ్నం బ్రౌలియో హోటల్లో అమ్మతో కలిసి పళ్ళేలు కడుగుతున్నాను. ఎర్మీనియమ్మ ఏప్రన్ విప్పకుండానే లోపలికి వచ్చింది.

"బ్రౌలియో, నా కుండ ఏదిరా? ఇంట్లో మూత తీస్తే నీ బంగాళాదుంపలున్నాయి. మా మరుదులు బల్ల దగ్గర కూర్చుని ఎదురుచూస్తున్నారు."

ఆమె భర్త జెర్వాజియో చలికాలంలో పోయాడు. వేడినీటి కాలువ పక్కన ఆయన చివరిసారి నాటిన చేమదుంపలు ఆ కుండలో ఉన్నాయి. ఆ సంగతి ఊరందరికీ తెలుసు. నాకూ తెలుసు.

బ్రౌలియో తినేవాళ్ళ బల్లల వైపు చూశాడు. ఆమె చూపు లిస్బన్ ఆవిడ బల్ల మీద పడింది. మాంసమంతా అయిపోయింది. చేమదుంపలు మాత్రం పళ్ళెం అంచున మిగిలాయి.

"అవి వద్దు, తీసెయ్యండి. బూడిద రంగులో ఉన్నాయి," అంది లిస్బన్ ఆవిడ.

ఎర్మీనియమ్మ ఒక్కో ముక్కా చేత్తో ఏరి ఏప్రన్‌లో వేసుకుంది. ఐదు ముక్కలు. ఒకదానికి పంటి గాటు ఉంది. దాన్నీ తీసుకుంది.

ఖాళీ కుండల కోసం అప్పుడే వచ్చిన మావయ్య మీదికి బ్రౌలియో కోపమంతా మళ్ళింది. "ముప్ఫై ఏళ్ళ అనుభవమయ్యా! పేరు చదవలేవూ? ఆ కంటికి పొర వచ్చిందని అందరూ అంటూనే ఉన్నారు. రేపటి నుంచి కుండల జోలికి రాకు."

మావయ్య టోపీ తీసి చేతిలో నలిపాడు. "నా కన్నే అయ్యుంటుంది," అన్నాడు. "క్షమించు వదినా."

నా చేతిలో సబ్బు పట్టించిన పళ్ళెం ఉంది. దాన్ని కడిగిందే కడుగుతూ నిలబడ్డాను.

"అది అరిగిపోతుందే జుల్మీరా," అంది అమ్మ.

సాయంత్రం నోటుపుస్తకం తెరిచి జరిగింది రాద్దామనుకున్నాను. 'మావయ్య' అని రాసి ఆగిపోయాను. మూసేసి చెరువు దగ్గరికి నడిచాను.

చూడవచ్చిన వాళ్ళంతా వెళ్ళిపోయారు. మావయ్య పలకలన్నీ కంచెకు వరుసగా ఆనించి, పది అడుగుల దూరంలో నిలబడి ఉన్నాడు. మంచి కన్ను మూసి, పొర వచ్చిన కంటితో చదవడానికి ప్రయత్నిస్తున్నాడు.

"ఎవరూ, జుల్మీరావా? ఆ మూడోది ఎర్మీనియమ్మదే కదూ? నాకు అలాగే కనిపిస్తోంది. మరి మధ్యాహ్నం ఎలా పొరబడ్డానో."

"నువ్వు పొరబడలేదు మావయ్యా."

"ఓదార్చకులేవే."

"పలకలు నేనే తీశాను. ఫొటో కోసం ఇమ్మన్నారు. తిరిగి గుచ్చినప్పుడు మారిపోయాయి. హోటల్లో నిన్ను తిడుతుంటే... నేను..."

మావయ్య మూసిన కన్ను తెరిచాడు. అరుస్తాడనుకున్నాను. ఆయన ముఖం వెలిగింది.

"అయితే నేను సరిగ్గానే చదివానన్నమాట!"

"క్షమించు మావయ్యా."

"అది ముందు ఎర్మీనియమ్మకి చెప్పు. తర్వాత బ్రౌలియోకి. నేను చెప్పను, నువ్వే చెప్పాలి. పద."

నేను ముందు నడిచాను. ఎర్మీనియమ్మ ఇంటి దాకా ఆయన నా వెనకే, దారిలో కనిపించిన ప్రతి బోర్డునూ పైకి చదువుతూ వచ్చాడు. రొట్టెల కొట్టు పేరు. చర్చి వేళలు. ఎవరో తలుపుకు అంటించిన 'కుక్క ఉంది జాగ్రత్త'. ఒక్క అక్షరం తప్పలేదు.