బరువుకి పెట్టిన ట్యూబు

ఆ ల్యాబులో ఆమెను అందరూ లూపక్క అంటారు. ఇరవై ఆరేళ్లుగా చేతిలో ఆ చిన్న తీగ లూపు లేకుండా ఆమెను చూసినవాళ్లు లేరు. శాంపిల్లో ముంచడం, క్రిములు పెరిగే ప్లేటు మీద గీయడం, వెచ్చగా ఉంచే ఇంక్యుబేటర్లోకి తొయ్యడం, అంతా చిటికెలో పని. చెయ్యి తిరిగిన మనిషి. ఆ సంగతి ఎవరూ చెప్పకముందే తనే చెప్పుకునేది, అదొక్కటే చిక్కు.

మూడు నెలల కింద కొత్త డాక్టరమ్మ వచ్చింది. వచ్చీ రాగానే డయాలసిస్ సంచుల మీద పడింది. కిడ్నీలు పాడైనవాళ్లు కొందరు ఇంట్లోనే, పొట్టలో పెట్టిన గొట్టం ద్వారా మందునీళ్లు ఎక్కించుకుని, కొన్ని గంటలాగి ఒక సంచిలోకి దించేసుకుంటారు. దిగిన నీళ్లు తేటగా ఉంటే బెంగ లేదు. మబ్బుగా దిగితే లోపల క్రిమి చేరినట్టు. అదేం క్రిమో తేల్చమని ఆ సంచి ల్యాబుకొస్తుంది.

"రెండు లీటర్ల నీళ్లలోంచి మీరు లూపుతో తీసేది ఒక్క చుక్క," అంది డాక్టరమ్మ. "ఆ చుక్కలో దొరక్కపోతే క్రిమి లేనట్టేనా అక్కా? యాభై మిల్లీలీటర్లు తీసి సెంట్రిఫ్యూజులో తిప్పండి. అడుగున పేరుకున్న మడ్డిని, క్రిముల్ని పెంచే ఆ బ్లడ్ కల్చర్ సీసాల్లో వెయ్యండి. ప్రతి సంచికీ ఇంతే. మందు మొదలుపెట్టాక క్రిమి దొరకడం కష్టం. మొదటి సంచే మనకి దిక్కు."

"అలాగేనమ్మా," అంది లూపక్క. అన్నదే గానీ చెవిన వేసుకుంటేగా! నిన్నగాక మొన్న చదువు ముగించుకొచ్చిన పిల్ల తనకి చెప్పొచ్చిందా? పైగా ఆ సీసాలుండేది పై అంతస్తు స్టోరులో. అక్కడి మనిషి ముక్కుతూ మూలుగుతూ బీరువా తీసి, సంతకం పెట్టించుకుని ఇచ్చేసరికి పావుగంట. డాక్టరమ్మ ఎదురుగా ఉంటే తిప్పేది, లేకపోతే లూపే. రిజిస్టర్లో మాత్రం అన్నిటికీ 'తిప్పాం' అని రాసి పారేసేది. ఏమీ పెరగలేదని రిపోర్టులు పోతూనే ఉండేవి.

ఆ సోమవారం పొద్దున రెండు సంచులొచ్చాయి. రెండూ బియ్యం కడిగిన నీళ్లలా ఉన్నాయి. డాక్టరమ్మ మీటింగులో ఉంది. మొదటి సంచి ఎవరో టైలరమ్మది. లూపు ముంచింది, గీసింది, ప్లేటు లోపలికి తోసింది. రెండో సంచి మీద పేరు చదివి, మళ్లీ చదివింది. అది తన తమ్ముడిది.

వెంటనే మరదలికి ఫోన్ చేసింది.

"పొద్దున్నే కడుపునొప్పి మొదలైంది వదినా. మీకు చెప్తే కంగారుపడతారని ఈయనే వద్దన్నారు. వార్డులో చేర్చుకున్నారు."

"వాడు వద్దంటే మానేస్తావుటే? బుద్ధుందా ఇద్దరికీ!" అని కసిరి పెట్టేసింది.

తమ్ముడు కుట్టుమిషన్లు బాగుచేస్తాడు. ఆ గొట్టం పుణ్యమా అని రెండేళ్లుగా ఇంట్లోనే నీళ్లు మార్చుకుంటూ, మధ్యలో తన పని తను చేసుకుంటున్నాడు. క్రిమి ఏదో తేలకపోతే సరైన మందు పడదు. సరైన మందు పడకపోతే గొట్టం పీకేస్తారు. ఇక వారానికి మూడు రోజులు ఆసుపత్రిలో రక్తం శుభ్రం చేసే మిషను పక్కన పడుకోవాలి, వచ్చాక రోజంతా నీరసం. దుకాణం మూసుకోవడమే.

అప్పుడు గుర్తొచ్చాయి డాక్టరమ్మ మాటలు, ఒక్కటీ పొల్లుపోకుండా. యాభై మిల్లీలీటర్లు కొలిచి ట్యూబులో పోసింది. సెంట్రిఫ్యూజులో ఒక ట్యూబు పెడితే దానికి ఎదురుగా అంతే బరువున్నది ఇంకొకటి పెట్టాలి, లేకపోతే మిషను గడగడలాడిపోతుంది. మామూలుగా అందులో నీళ్లు పోస్తారు. కుళాయి దాకా వెళ్లే ఓపిక కూడా లేదామెకు. పక్కనే టైలరమ్మ సంచి ఉంది. అందులోంచే యాభై పోసి, బరువు సరిచూసి, మూత వేసింది.

పావుగంట తిరిగాయి రెండూ. ఆగాక తీసి చూస్తే రెండిటి అడుగునా గోరంత తెల్లటి మడ్డి. తమ్ముడిది తీసి టేబుల్ మీదున్న రెండు సీసాల్లో వేసింది. ఇక సీసాల్లేవు. టైలరమ్మ ట్యూబు చేతిలో పట్టుకుని ఒక్క క్షణం ఆగింది. ఆగిన మాట నిజం. మళ్లీ పైకెక్కాలి, ఆ మూలుగులు వినాలి. 'ఈవిడది ప్లేటు మీద వేశాను కదా, ఇది బరువుకి పెట్టిందేగా' అనుకుంది. ట్యూబుని బ్లీచింగ్ నీళ్ల బకెట్లో వొంపేసి వార్డుకి పరుగెత్తింది.

తమ్ముడి పక్క మంచమే టైలరమ్మది. అప్పుడే ఇద్దరికీ స్నేహం కుదిరింది. ఆవిడ మిషను దారం తెంపుతోందట, ఇంటికెళ్లాక వచ్చి చూస్తానని వీడు మాటిచ్చేశాడు.

"ఏమైనా తెలుస్తుందా అక్కా?" అన్నాడు.

"తెలియకేం? నీదీ ఆవిడదీ ఎదురెదురుగా పెట్టి నేనే తిప్పాను. ధైర్యంగా ఉండు," అంది. ఆ మాట ఎందుకన్నదో ఆమెకే తెలియదు.

మర్నాటికల్లా తమ్ముడి సీసాల్లో క్రిమి పెరిగింది. మైక్రోస్కోపు కింద ఎర్రటి పుల్లల్లా కనిపించింది. వార్డులో అందరికీ మొదలుపెట్టే మందుకి లొంగే రకం కాదు. ఆ సాయంత్రమే మందు మార్చారు, గురువారానికి నీళ్లు తేటపడ్డాయి. టైలరమ్మ ప్లేటు మాత్రం కడిగిన పళ్లెంలా ఉంది.

బుధవారం డాక్టరమ్మ రిజిస్టరు పట్టుకుని వచ్చింది. "ఈవిడ నీళ్లలో చీము కణాలు వేలల్లో ఉన్నాయి. క్రిమి లేకపోవడమేంటి? తిప్పారా అక్కా?"

"తిప్పానమ్మా."

అబద్ధం కాదు మరి! పావుగంట తిప్పింది, తన చేతులతోనే.

"తిప్పినా దొరకలేదంటే ఇది పక్క మంచమాయనకొచ్చిన ఆ మొండి రకం కాదేమో," అంది డాక్టరమ్మ తనలో తను మాట్లాడుకుంటున్నట్టు. "మందు మార్చొద్దని చెప్తాను. ఎందుకైనా మంచిది, ఇంకో సంచి తెప్పించండి."

చెప్పాలి. ఒక్క ముక్క చాలు: తిప్పాను గానీ పారబోశాను, ప్లేటు మీద పడింది ఒక్క చుక్కే. నోటిదాకా వచ్చింది. కానీ ఒక సంచి కథ చెప్తే, రిజిస్టర్లో మిగతావన్నీ తిరగేస్తారు. ఇరవై ఆరేళ్ల పేరు మట్టిలో కలుస్తుంది. "అలాగేనమ్మా, తెప్పిస్తాను," అంది లూపక్క.

రెండో సంచి రాగానే తనే స్టోరుకి పోయి సీసాలు తెచ్చింది. కొలిచి తిప్పింది, మడ్డి తీసి వేసింది, ఆ సీసాల ముందు గంటకోసారి వెళ్లి నిలబడింది. ఏమీ పెరగలేదు. లోపల మూడు రోజుల మందు పడ్డాక ఏం పెరుగుతుంది? సోమవారం సంచి చూద్దామంటే సాయంత్రానికే పారబోశారు.

టైలరమ్మకి జ్వరం దిగలేదు. నీళ్లు తేటపడలేదు. శనివారం గొట్టం తీసేశారు.

సోమవారం తమ్ముడిని ఇంటికి పంపుతున్నారు. లూపక్క వాడి బట్టలు సర్దుతోంది. పక్క మంచం వైపు చూడకుండా మూడుసార్లు అదే చొక్కా మడతపెట్టింది.

"రోజు విడిచి రోజు రమ్మంటున్నారమ్మా ఇక్కడికి," అంది టైలరమ్మ పొట్ట మీద కట్టు సవరించుకుంటూ. "ఇక కుట్టేదెప్పుడు? ఒప్పుకున్న బట్టలన్నీ తిరిగిచ్చెయ్యమని మా అమ్మాయికి చెప్పాను. మీ తమ్ముడు నిజంగా అదృష్టవంతుడు. నాకే ఏదీ దొరకలేదు, నా రాత."

"మీ మిషను చూడ్డానికి నేనెలాగూ వస్తానండీ," అన్నాడు తమ్ముడు. వాడి కళ్లలో నీళ్లు తిరిగాయి. "మా అక్క చెయ్యాల్సిందంతా చేసింది. తన, పర అనే తేడా లేదు మా అక్కకి. మీదీ నాదీ ఒకేసారి, ఎదురెదురుగా పెట్టి తిప్పింది. చెప్పవే అక్కా!"

టైలరమ్మ తలెత్తి చూసింది. "నాది కూడా మీరే చేశారామ్మా?"

"అవునమ్మా," అంది లూపక్క. "నేనే చేశాను."

టైలరమ్మ ఆమె చెయ్యి రెండు చేతుల్లోకీ తీసుకుంది. చాలాసేపటిదాకా వదల్లేదు.