మౌనం తీసేసే మీట

బడి మూడింటికి వదిలినా టీచరమ్మను మాత్రం వదిలేది కాదు. పిల్లలు వెళ్లాక కుర్చీలు సర్దాలి, వేలిముద్రలతో జిడ్డోడుతున్న ట్యాబ్‌లు తడిబట్టతో తుడవాలి, ఛార్జింగుకు పెట్టాలి, ఆపైన ఒక్కొక్కటీ తెరిచి ఆరోజు పిల్లలు చెప్పిన కథలన్నీ వినాలి. "ఈ కొత్త పలకలొస్తే నీ పని సగం తగ్గుతుంది చూడు" అని హెడ్ మేడం మొదట్లోనే ఊరించింది. తగ్గింది టీచరమ్మ నిద్ర ఒక్కటే. మూలిగే నక్క మీద తాటిపండు పడటమంటే ఏమిటో ఆమె పిల్లలకు ఎన్నోసార్లు చెప్పింది గాని, ఆ నక్క తనేనని ఈ ఏడాదే తెలిసింది.

చూడటానికి పని సులువే. పిల్లలు వేలితో బొమ్మ గీస్తారు. ఎర్ర గుండ్రం నొక్కి ఆ బొమ్మ గురించి మాట్లాడతారు. ఆ బొమ్మల్నీ మాటల్నీ కలిపి ట్యాబ్ కథలా ఆడిస్తుంది. కాని ఆరేళ్ల వాళ్ల కథలు ఎలా ఉంటాయో ఆ యంత్రం చేసినవాళ్లకు తెలిసినట్టు లేదు. "అనగనగా ఒక కుక్క" అని ఒకడు మొదలుపెడతాడు. తర్వాత ముక్కు ఎగబీలుస్తాడు. పక్కవాణ్ణి మోచేత్తో పొడుస్తాడు. పైన తిరిగే ఫ్యాను కాసేపు చూస్తాడు. కుక్క తర్వాతి మాట వచ్చేసరికి వినేవాళ్లకు కునుకు పడుతుంది.

మొదట్లో ఆ ఖాళీలన్నీ ఆమే కూర్చుని చేత్తో కోసేది. తల ప్రాణం తోకకొచ్చేది. ఒకరోజు ఎక్కడో నొక్కబోయి ఇంకెక్కడో నొక్కితే 'మౌనం తీసెయ్యి' అనే మీట కనబడింది. అది వేయగానే, మాట లేని చోటల్లా ట్యాబ్ తనంతట తనే కోసి పారేసింది. ఆ పూట టీచరమ్మ వెలుగుండగానే ఇల్లు చేరింది. ఆమె భర్త గడియారం ఆగిపోయిందేమోనని చెవి దగ్గర పెట్టుకుని చూశాడు. మర్నాడు అన్ని ట్యాబ్‌లలోనూ ఆ మీట వేసేసి, అప్పటినుంచీ ఆమె దాన్ని మళ్లీ ముట్టుకోలేదు.

ఆమె తరగతిలో ముప్పై నలుగురు. అందులో మైకు అని ఒకడున్నాడు. వాడు మాట్లాడితే రెండు గదులవతల ఐదో తరగతివాళ్లు జవాబు చెప్పేవాళ్లు. వాడి పక్కన కూర్చునే పిల్లను అందరూ బొమ్మ అనేవాళ్లు. నోట్లో నాలుక లేని పిల్ల. రాతలో దానికి సాటి లేరు, గీత గీస్తే అచ్చు గుద్దినట్టు ఉంటుంది, కాని బడి తెరిచిన దగ్గర్నుంచి దాని గొంతు విన్నవాళ్లు లేరు. పేరు అడిగితే పలక మీద రాసి చూపించేది. నోటి పరీక్షలో సున్నా వచ్చింది.

"నాలుగు నెలలు చూశాం," అంది హెడ్ మేడం. "పరీక్షలో సున్నా వేసుకుని ఈ తరగతిలో ఎలా ఉంచను? కింది తరగతికి పంపేద్దాం. శనివారం వాళ్ల నాన్నని రమ్మన్నాను."

"రాతలో ముందుంది మేడం. ఆ చిన్నపిల్లల మధ్య కూర్చోబెడితే..."

"ట్యాబ్‌లో ఒక్క కథైనా చెప్పిందా? చెబితే చూపించు. నేనేం కాదంటానా?"

చెప్పలేదు. ఆ పిల్ల కథలు తెరిస్తే గీసిన బొమ్మలే వచ్చేవి, ఒక్క మాటా ఉండేది కాదు. పేజీలు చకచకా తిరిగిపోయేవి. వాదించే ఓపిక లేక టీచరమ్మ "సరే మేడం" అంది. ఈమధ్య ఆమె నోటికి ఎక్కువగా వస్తున్న మాట అదే. కాని చీపురుకట్టంత ఆ పిల్ల చెక్కముక్కలతో ఆడుకునే పసివాళ్ల మధ్య కూర్చుంటే, ఉన్న ఆ కాస్త నోరూ ఇక తెరవదని ఆమెకు తెలుసు. తెలిసీ సరే అన్నందుకు తన మీద తనకే రోత పుట్టింది.

శుక్రవారం కథల గంటలో మైకు లేచి నిలబడ్డాడు. "టీచర్, బొమ్మ ట్యాబ్ చెవిలో చెబుతోంది."

"ట్యాబ్‌కి చెవులెక్కడివిరా? కూర్చో."

"ఉంది టీచర్. చెవిలోనే చెబుతోంది."

"నీ కథ నువ్వు చెప్పుకో నాన్నా. నా బుర్ర తినకు."

వాడు కూర్చున్నాడు. బొమ్మ ట్యాబ్‌ను మూతికి ఆనించుకుని కూర్చునుంది. రోజూ చూస్తున్నదే. సిగ్గుపడి మొహం దాచుకుంటోందని టీచరమ్మ అనుకునేది.

బడి వదిలాక ఆమె తుడిచే బట్ట పట్టుకుని బొమ్మ ట్యాబ్ దగ్గర ఆగింది. తెర అడుగున, మాటను పట్టే కన్నం ఉన్నచోట, గాజు మీద పెదాల ముద్ర ఉంది. చుట్టూ ఆవిరి పట్టి ఆరిన మచ్చ. సిగ్గుపడితే ఆవిరెందుకు పడుతుంది? ఆమె బట్ట పక్కన పెట్టింది. కథ తెరిచింది. ఎప్పటిలాగే పేజీలు చకచకా తిరిగాయి. అప్పుడు గుర్తొచ్చింది మీట. దాన్ని ఆపగానే కోసిన చోట్లన్నీ తిరిగొచ్చాయి. శబ్దం చివరంటా పెంచి, ట్యాబ్‌కు చెవి ఆనించింది.

ముందు ఫ్యాను తిరిగిన చప్పుడు. తర్వాత మైకుగాడి అరుపు. ఆ రెంటి కిందా ఎక్కడో, ఊపిరి కంటే కొంచెం పెద్దదిగా, మాటలు. ఆగకుండా వస్తున్న మాటలు. పాత కథలు తెరిచింది. అన్నింట్లోనూ ఉన్నాయి. చప్పుడు చాలదని ట్యాబ్ ఆ మాటల్ని మౌనం కింద జమకట్టి కోసి పారేసింది.

నోరున్నవాడిదే రాజ్యం అని యంత్రానికి ఎవరూ నేర్పక్కర్లేదు కాబోలు. కాని యంత్రాన్ని ఏమని లాభం? రోజుకు ఆరు గంటలు అదే గదిలో ఉండి, రెండు చెవులుండి, తను చేసిందీ అదే కదా. టీచరమ్మ చిన్నపిల్లల కుర్చీలో కూలబడి కాసేపు ఏడ్చింది. ఏడవడానికి కూడా ఓపిక కావాలి గనక తొందరగానే ఆపేసి, కథ మొదటినుంచీ విన్నది.

శనివారం పొద్దున తండ్రి డ్యూటీ నుంచి తిన్నగా వచ్చాడు. రొట్టెల బట్టీలో రాత్రి పని. కనుబొమల మీద పిండి, కళ్లు చింతనిప్పులు. బొమ్మ అతని చొక్కా కొస పట్టుకుని నిలబడింది.

"ఇంట్లో మాట్లాడుతుందా అండీ?" అంది హెడ్ మేడం.

"మాట్లాడుతుందనే అనుకుంటున్నాను మేడం. వాళ్లమ్మ కుట్టు షాపు నుంచి చీకటి పడ్డాక వస్తుంది. పిల్ల బడి నుంచి వచ్చేసరికి నేను నిద్రలో ఉంటాను. ఉన్నది ఒకటే గది. నేను లేచేసరికి పనికి టైమైపోతుంది." అతను తల దించుకున్నాడు. "అల్లరి చేయదండీ. బంగారం."

"ఒక్కసారి ఇది వినండి," అంది టీచరమ్మ. ట్యాబ్ బల్ల మీద పెట్టి, ఫ్యాను ఆపింది. ముగ్గురూ తలలు దగ్గరికి చేర్చారు.

మొదటి పేజీలో గదంతా ఆక్రమించి పడుకున్న పెద్ద మనిషి. కింద గుసగుస వినబడింది.

"ఒక రాక్షసుడు ఉన్నాడు. మంచోడే. రాత్రంతా ఊరందరికీ రొట్టెలు చేస్తాడు. పగలు పడుకుంటాడు. ఆయన లేస్తే పాపం తలనొప్పి వస్తుంది. అందుకని గిన్నెలు మెల్లగా పెట్టాలి. తలుపు మెల్లగా వెయ్యాలి. మాటలు కూడా మెల్లగా. ఒక పాప ఉంది. బళ్లో ఏం జరిగిందో రోజూ రాక్షసుడి చెవిలో చెబుతుంది. ఆయన నిద్రలో ఉంటాడు కదా, వినబడదు. లేవగానే చెప్పులేసుకుని వెళ్లిపోతాడు. పాప మళ్లీ రేపు చెబుతుంది."

పేజీలు అయిపోయాయి. హెడ్ మేడం కళ్లజోడు తీసి తుడుచుకుంది. కింది తరగతి ఊసెత్తలేదు.

తండ్రి ట్యాబ్ వైపే చూస్తూ, "నాకే చెబుతోందండీ ఇదంతా?" అన్నాడు. అతను కుర్చీలోంచి దిగి కూతురి ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు.

"ఇప్పుడు మేలుకునే ఉన్నాను తల్లీ. గట్టిగా చెప్పు."

బొమ్మ నమ్మలేదు. దగ్గరకొచ్చి అతని కళ్లలోకి చూసింది, ముందు ఒక కంట్లోకి, తర్వాత రెండో కంట్లోకి. రెండూ తెరుచుకునే ఉన్నాయని తేల్చుకున్నాక ఊపిరి పీల్చుకుంది.

"నాన్నా," అంది. ఆ గొంతు వరండాలో వెళ్తున్న నౌకరును ఆపేంత పెద్దది. "మైకు నా రబ్బరు తీసుకుని ఇవ్వట్లేదు. ఎప్పుడో తీసుకున్నాడు. టీచర్‌కి చాలాసార్లు చెప్పాను."

టీచరమ్మకు ఒళ్లంతా నీరసంగా ఉంది. ఇన్నాళ్లూ ముప్పై మూడు గొంతుల ఫిర్యాదులతో వేగింది, ఇకమీదట ముప్పై నాలుగు. ఆమె వంగి, తన చెవి ఆ పిల్ల నోటి దగ్గర పెట్టింది.

"ఇంకోసారి చెప్పమ్మా," అంది. "ఈసారి వింటాను."