మర హోరులో మాట

ఆ ఇంటి వదిన కాలు విరగ్గొట్టుకుంది. మెట్ల మీద నుంచి పడీ కాదు, వానలో జారీ కాదు. తన వంటగదిలోనే, అప్పుడే తుడిచిన తడి నేల మీద. మోకాలి కింద నుంచి పాదం దాకా కట్టు కట్టిన డాక్టరు, "లేచి తిరిగారంటే మళ్ళీ మొదటికొస్తుంది" అని గట్టిగా చెప్పి పంపాడు. నొప్పి సంగతి అలా ఉంచితే, ఆమె బెంగంతా వీధి చివరి పిండిమర మీదే. భర్త పోయాక ఆ మరను నిలబెట్టింది ఆమే. వచ్చినవాళ్ళతో మాట్లాడడం, ఏ సంచి ఎవరిదో గుర్తుపెట్టుకోవడం, మెత్తగా ఆడాలో బరకగా ఆడాలో కనుక్కోవడం, అన్నీ ఆమె పనే. గింజలు తొట్టిలో పోసి, పిండి సంచికెత్తే పని మరిదిది.

మరిది పెళ్ళి చేసుకోలేదు. అన్న ఇంట్లోనే పెరిగి, అన్న మరలోనే పనికి కుదిరి, అన్న పోయాక వదిన చెప్పినట్టు నడుచుకుంటున్నాడు. అతనికి చిన్నప్పటి నుంచీ మాట తడబడుతుంది. మొదటి అక్షరం దగ్గరే నాలుక పట్టేస్తుంది, మెడ నరాలు పొంగుతాయి, ఎదుటివాళ్ళు చూపు పక్కకు తిప్పుకుంటారు. ‘సరే’ అన్న ఒక్క మాట మాత్రం ఎందుకో తేలిగ్గా వచ్చేది. అందుకని ఎవరేమన్నా సరే అనేవాడు. వీధి వీధంతా అతన్ని సరే బాబాయి అనేది. నోట్లో నాలుక లేని మనిషని వదిన జాలిపడేది. అతను ఇంకేదైనా చెప్పబోతే సగంలో అందుకుని, పాపం అతనికి కష్టం లేకుండా, మిగతాది తనే పూర్తి చేసేది.

తల్లి బెంగ చూసి కూతురు ఒక ఉపాయం ఆలోచించింది. కాలేజీ పాఠాల కోసం కొన్న కొత్త ట్యాబ్ తల్లి మంచం మీద దిండుకు ఆనించింది. మూల పగిలిన పాతది తీసుకెళ్ళి మరలో, తొట్టి పక్కనున్న అలమరలో నిలబెట్టింది. వీడియో కాల్ పెట్టింది.

"ఇక మంచం మీద కూర్చునే మర నడుపుకో అమ్మా," అంది.

మొదటి రోజు పొద్దున అంతా బాగానే ఉంది. మర ఇంకా వెయ్యలేదు. మరిది ముఖం తెర నిండా కనిపించింది, వెనకాల గోడకు వేలాడే జల్లెడలు కూడా స్పష్టంగా కనిపించాయి. వదిన రెండు మాటలు చెప్పింది, అతను రెండుసార్లు సరే అన్నాడు. తర్వాత వెళ్ళి స్విచ్ వేశాడు. హోరు ఒక్క క్షణం గుప్పుమని వినబడి, ఎవరో దుప్పటి కప్పినట్టు అణిగిపోయింది.

కరెంటు పోయిందనుకుంది వదిన. అయితే తెరలో బెల్టు తిరుగుతూనే ఉంది. కాసేపటికి అదీ కనబడలేదు. పిండి లేచి కెమెరా మీద పేరుకుని, బొమ్మంతా మంచు పట్టిన కిటికీలా తయారైంది. తెల్లటి ఆ మసకలోంచి ఒక మగ గొంతు వినిపించింది.

"ఈ మనిషికి పొద్దున్నే ఎవరు కనిపించారో గానీ, గోధుమల్లో సగం రాళ్ళే తెచ్చాడు. రాళ్ళు రాళ్ళు రాచుకుంటే పిండి రాదు మహానుభావా, నిప్పు వస్తుంది."

వదిన ఉలిక్కిపడింది. ధారగా, హాయిగా, నవ్వు కలిసిన గొంతు. ఆ వీధిలో అలా మాట్లాడేవాళ్ళెవరూ ఆమెకు తెలియదు. మర ఆపేసి, ఎవరో దారినపోయేవాణ్ణి లోపల కూర్చోబెట్టుకుని కబుర్లు పెట్టాడన్నమాట మరిది. వినేకొద్దీ అనుమానం ముదిరింది. ఆ మనిషి ఆపకుండా మాట్లాడుతున్నాడు గానీ, మరిది సరే అన్నట్టయినా వినబడదు.

"ఒకసారి వెళ్ళి చూసిరావే. మర ఆపి ఎవరితోనో ముచ్చట్లు పెట్టుకున్నాడు మీ బాబాయి," అని కూతుర్ని పంపింది.

కూతురు జుట్టు నిండా పిండితో తిరిగొచ్చింది. "మర ఆడుతోందమ్మా. చెవులు పగిలిపోతున్నాయి అక్కడ. బాబాయి ఒక్కడే ఉన్నాడు."

"మరి ఈ మాట్లాడేదెవరు?"

కూతురు మంచం పక్కన కూర్చుని చెవి ఒగ్గింది. మందుల షాపాయన నసుగుతూ బేరమాడే తీరును ఆ గొంతు అచ్చు దించినట్టు అనుకరిస్తోంది. పిల్ల ముందు నవ్వింది. తర్వాత ఆమె ముఖం మారిపోయింది.

"అమ్మా, ఇది బాబాయే."

"నీ మొహం. బాబాయికి మాటెక్కడిదే?"

"గొంతు విను. తడబాటు తీసేసి విను."

వదిన కళ్ళు మూసుకుని విన్నది. ‘సరే’లో వినబడే ఆ చిన్న జీర ప్రతి మాట చివరా ఉంది. ఇన్నేళ్ళూ ఒక్క చుక్కగా రుచి చూసిన నీళ్ళు బావి నిండా ఉన్నట్టనిపించింది ఆమెకు.

కూతురు నెమ్మదిగా వివరించింది. ఈ కాల్ యాప్‌కు మనిషి మాట ఏదో, చప్పుడు ఏదో తెలుసు. ఆగకుండా ఒకే తీరున మోగేదాన్ని అది చప్పుడు కింద లెక్కేసి తీసేస్తుంది, మాటను మాత్రం పంపుతుంది. "మనకి మర వినబడదు. బాబాయికి మర తప్ప ఇంకేమీ వినబడదు, తన గొంతు కూడా. కొంతమందికి తమ గొంతు తమకు వినబడకపోతే తడబాటు తగ్గుతుందని ఎక్కడో చదివాను. ఈ హోరులో ఎవరికీ వినబడదన్న ధైర్యంతో మాట్లాడుకుంటున్నాడు."

"అయితే ఇన్నేళ్ళూ లోపల ఇలా..."

"మనం గుమ్మం దగ్గరే నిలబడి కూడా వినలేదు. ఇది చెప్పేయాలమ్మా. దొంగచాటుగా వినడం తప్పు."

"రేపు చెప్తాలే," అంది వదిన.

మర్నాడు చెప్పలేదు. ఆ మర్నాడూ చెప్పలేదు. మనిషికి తిండి మీద ఆశ తగ్గుతుందేమో గానీ, కుతూహలం ఒకసారి పట్టుకుంటే వదలదు. అతను తన గురించి ఏమనుకుంటాడో వినాలంటే మొదట్లో భయం, తర్వాత అదే ఆశ. పొద్దున కాఫీ దగ్గర ఏదో ఒకటి అడిగేది. "ముందు గదికి నీలం రంగు వేయిద్దాం, ఏమంటావయ్యా?" అంటే అతను సరే అని లేచిపోయేవాడు. మర వేసిన కాసేపటికి అసలు జవాబు వచ్చేది. "నీలమట. ఎండ మొహం చూడని గదికి నీలం వేస్తే పగలే దీపం పెట్టుకోవాలి. లేత పసుపు వేస్తే గది కాస్త నవ్వుతుంది. ఎవరు చెప్పాలి ఆ మహాతల్లికి." వదిన కట్టు కదిలేలా నవ్వి, పెయింటరుకు ఫోన్ చేసి లేత పసుపు తెమ్మంది.

అన్నీ నవ్వించే మాటలే కావు. కూతురు చదువు కోసం పొరుగూరు వెళ్తానంటే తను వద్దన్నానని ఒక పొద్దున వదిన చెప్పింది. మర వేశాక అతనన్నాడు, "దూరమని భయమట. దూరానికి బస్సుంది. వదిన భయం పిల్ల గురించి కాదు. పిల్ల వెళ్ళిపోతే ఇంట్లో మాట్లాడే మనిషి ఉండదని. నేనుండీ లేనట్టే కదా." ఆ మాటకు వదిన ట్యాబ్ బోర్లించి చాలాసేపు గోడ వైపు తిరిగి పడుకుంది.

ట్యాబ్ కూడా ఎప్పుడూ మంచి బుద్ధితో ఉండేది కాదు. కాసేపు పలికేది, కాసేపు మింగేది. మింగితే మాట చివరే మింగేది. మన మాటల్లో ఔనూ కాదూ తేలేది ఆ చివరే కదా. ‘వదిన చెప్పినట్టు చేస్తే మర బాగుపడ...’ అని ఆగిపోయేది. బాగుపడుతుందా, బాగుపడదా? వదిన తనకు తోచిన తోక తగిలించుకుని కాసేపు సంతోషపడేది, కాసేపు ఉడుక్కునేది.

అలాంటి రోజుల్లోనే ఆమె కొత్త మర సంగతి కదిపింది. "అన్నీ మూసిపెట్టినట్టు ఉంటుందటయ్యా. చప్పుడే ఉండదట. పిండి కూడా లేవదట. ఈ పాతది తీసేసి అది తెచ్చేద్దాం."

మరిది చేతిలో గ్లాసు అలాగే ఉండిపోయింది. దాన్ని కింద పెట్టి, "సరే," అన్నాడు.

ఆ రోజు మర వేశాక వచ్చిన గొంతులో నవ్వు లేదు. "చప్పుడుండదట. ఎంత సంబరంగా చెప్పింది. అదే గనక వస్తే, ఇంక నేనీ మరలో ఉండ..."

అంతే. తెరలో బొమ్మ బిగుసుకుపోయింది, గుండ్రం ఒకటి తిరగడం మొదలుపెట్టింది. మళ్ళీ కలిసేసరికి అతను మొక్కజొన్న తడి గురించి మాట్లాడుతున్నాడు.

ఉండనా? ఉండలేనా? ఉండక తప్పదా? ఉండకపోతే ఎక్కడికి పోతాననా? ఏ తోక తగిలించినా మనసొప్పలేదు. సాయంత్రం అతను వచ్చి చేతులు కడుక్కుని కంచం ముందు కూర్చోగానే, ఇక ఉండబట్టలేక అడిగేసింది.

"ఏమయ్యా, పొద్దున మరలో ‘ఇంక నేనీ మరలో ఉండ’ అన్నావు. తర్వాతేమన్నావు?"

మరిది తలెత్తి ఆమెను చూశాడు, మంచం మీద ట్యాబ్‌ను చూశాడు, మళ్ళీ ఆమెను చూశాడు. చెవుల దాకా ఎర్రబడ్డాడు.

"ఎ... ఎ... ఎప్పట్నుంచి?"

"పెట్టిన రోజు నుంచీ," అంది వదిన తల దించుకుని.

అతను కంచం వదిలి లేచి వెళ్ళిపోయాడు. తర్వాతి రోజు పాత ట్యాబ్ మీద గోనెపట్టా పడింది. తెరంతా చీకటి. చప్పుడెలాగూ రాదు, మాట కూడా రాలేదు. వదిన ఆ చీకటి వైపే వంగి, "తప్పయిందయ్యా. వినకూడదనుకుంటూనే విన్నాను. ఇంట్లో ఇంత మనిషి ఉన్నాడని తెలియక పోగొట్టుకున్నానే అని విన్నాను," అంది. అని ఎదురుచూసింది.

"అమ్మా, ఆయనకెలా వినబడుతుంది?" అంది కూతురు గుమ్మంలోంచి. "ఇక్కడికి వచ్చేటప్పుడే యాప్ హోరును తీసేస్తుంది. అక్కడున్న హోరును అది తీయలేదు. ఇంత మంచి మాటలన్నీ మరలో పోసేశావు."

పిల్ల తన ఇయర్‌ఫోన్లు తీసుకుని మరకు వెళ్ళింది. అక్కడ బాబాయితో ఏం చెప్పిందో, ఎంతసేపు బతిమాలిందో తెలియదు. గోనెపట్టా తొలగింది. కెమెరాను ఎవరో వేలితో తుడిచారు. మసకలో మరిది ముఖం తేలింది, చెవుల్లో నల్లటి తీగలతో. వెనకాల బెల్టు నిశ్శబ్దంగా తిరుగుతోంది.

"వదినా, నేను వినబడుతున్నానా?"

ఒక్క తడబాటు లేదు. వదిన తల ఊపింది.

"తలూపుతున్నావేమో, నాకేం తెలుస్తుంది? బొమ్మ ఎప్పుడో గానీ కదలడం లేదు. నోటితో చెప్పు."

"వినబడుతున్నావయ్యా. నేను..."

"నాకు కోపం..."

ఇద్దరూ ఒకేసారి మొదలుపెట్టి ఒకేసారి ఆగారు. నువ్వు చెప్పు అంటే నువ్వు చెప్పు అనుకున్నారు. మాట ఇక్కణ్ణుంచి అక్కడికి చేరేసరికి కాస్త ఆలస్యమవుతోంది. కాసేపటికి ఆ లయ పట్టుకున్నారు. ఒకరు మాట్లాడి, గుక్క తిప్పుకునేంత సేపు ఆగాలి. వదినకు అలా ఆగడం అలవాటు లేదు. ఈ యంత్రం మెడ పట్టి ఆపింది.

కోపం వచ్చిన మాట నిజమేనన్నాడు. సిగ్గు అంతకంటే ఎక్కువన్నాడు. లేత పసుపు రంగు ఎందుకొచ్చిందో ఇప్పుడర్థమైందన్నాడు. వదిన ఉండబట్టలేక మళ్ళీ అదే అడిగింది.

"అదా? అదేంటంటే, ఇంక నేనీ మరలో ఉండ..."

తెర బిగుసుకుపోయింది. గుండ్రం తిరిగింది. ఈసారి కాల్ పూర్తిగా తెగిపోయింది. ఎన్నిసార్లు నొక్కినా కలవలేదు. వదినకు నవ్వాలో ట్యాబ్‌ను గోడకేసి కొట్టాలో తెలియలేదు.

సాయంత్రం మరిది ఎప్పటికంటే ముందే వచ్చాడు. చేతులు కూడా కడుక్కోకుండా, కనుబొమల మీద పిండితోనే, మంచం ఎదురుగా స్టూలు లాక్కుని కూర్చున్నాడు. ఇంట్లో మర లేదు, హోరు లేదు. నోరు తెరిచాడు.

"ఉ... ఉం... ఉం..."

మెడ నరాలు పొంగాయి. వదిన నాలుక చివర నాలుగు మాటలు సిద్ధంగా ఉన్నాయి. ఏదో ఒకటి అందిస్తే అతను తలూపేస్తాడు, ఇద్దరికీ హాయి. ఆమె దుప్పటి అంచు గట్టిగా పట్టుకుని, అతని ముఖం మీంచి చూపు తిప్పుకోకుండా కూర్చుంది. వంటింట్లో కుళాయి కారుతోంది. వీధిలో సైకిలొకటి వెళ్ళింది.

"ఉం... ఉండలేను," అన్నాడు చివరికి. ఊపిరి తీసుకున్నాడు. "చ... చప్పుడు లే... లేకపోతే నా... నాకు మాట రాదు. అ... అక్కడొక్కటే నే... నేను." చెమట తుడుచుకున్నాడు. "చూ... చూశావా, ఒక్క మాటకి ఎం... ఎంతసేపో."

"నాకు తొందరేముందయ్యా," అంది వదిన. "కాలు విరిగింది, ఎక్కడికి పోతాను?"

మరిది ఆమెను చూసి, పకపకా నవ్వాడు. నవ్వు మాత్రం అతనికి ఎప్పుడూ తడబడలేదు.

కొత్త మర తేలేదు. అలాగని తగువు తీరిపోలేదు. కట్టు విప్పాక వదిన కర్ర పట్టుకుని మరకు రావడం మొదలుపెట్టింది. లోపల పక్కపక్కనే నిలబడితే ఒకరి మాట ఒకరికి వినబడదు, ఇంటికి వెళ్తే అతనికి మాట రాదు. అందుకని ఆమె మర బయట బల్ల మీద ట్యాబ్ ఒళ్ళో పెట్టుకుని కూర్చునేది, అతను చెవుల్లో తీగలతో లోపల పనిచేసుకునేవాడు. మధ్యలో జానెడు గోడ. సంచులు తెచ్చినవాళ్ళు ముక్కున వేలేసుకునేవాళ్ళు. కూతురు మరింత తెలివిగా మర హోరును ఫోన్‌లో రికార్డు చేసి, ఇంట్లో ఇయర్‌ఫోన్లలో వింటూ మాట్లాడమని బాబాయికిచ్చింది. ఒక పూట ప్రయత్నించి తీసేశాడు. మాట కాస్త తేలికైంది గానీ, అన్నం తింటుంటే కూడా తలలో గోధుమలు ఆడుతున్నట్టుందట.

గోడకు అటూ ఇటూ ఉండి వాళ్ళు ఎక్కువగా పోట్లాడుకునేవాళ్ళు. పాత మర దుమ్ముకు నీకు దగ్గొస్తోందని ఆమె, దగ్గు నాది నీకెందుకని అతను. పిల్లను పొరుగూరికి పంపమని అతను, ఇంకో ఏడాది ఆగుదామని ఆమె. ఏడాది ఆగితే సీటు ఆగుతుందా అని అతను. ఆ ఒక్క తగువులో మాత్రం అతనే గెలిచాడు. పిల్ల వెళ్ళే రోజు బస్సు దగ్గర, ఏ హోరూ లేని చోట, పదిమంది చూస్తుండగా, అతను అన్న కూతురికి జాగ్రత్తలు చెప్పడానికి నోరు తెరిచాడు. చాలాసేపు పట్టింది. డ్రైవరు హారన్ కొట్టాడు. వదిన బస్సు తలుపుకు అడ్డంగా కర్ర పెట్టి నిలబడి, అతని మాటలన్నీ అయ్యేదాకా తియ్యలేదు.