పన్నెండు గేదెల పథ్యం

చంద్రరావు పాకలో పన్నెండు పాడిగేదెలున్నాయి. సోమవారం ఉదయం పశువైద్యురాలు అశ్విని వాటికి సూదులు వేసింది. ఆరింటికి కొత్త గొంతువాపు టీకా, పోల్చి చూడటానికి మిగతా ఆరింటికి ఉప్పునీళ్లు. ఏ సీసాలో ఏముందో ఆమెకూ తెలియదు. సీసాల మీద అంకెలే ఉన్నాయి.

గొంతువాపు బాక్టీరియా వల్ల వస్తుంది. తొలకరిలో గేదెను ఒక్క రోజులో చంపుతుంది. ఈ టీకా మీద అశ్విని మూడేళ్లు పనిచేసింది. ఎలుకలకు, కుందేళ్లకు ఇబ్బంది రాలేదు. ఇప్పుడు గేదెల వంతు. పాలు ఐదో వంతు తగ్గితే పరీక్ష ఆపాలి, టీకా పక్కన పెట్టాలి.

బుధవారానికి పాలు పదో వంతు తగ్గాయి. శుక్రవారానికి ఐదో వంతుకు దగ్గరపడ్డాయి. జ్వరం లేదు, వాపు లేదు. పన్నెండూ ఒకేలా తగ్గాయి.

"ఉప్పునీళ్లకి కూడా పాలు తగ్గుతాయా?" అని పరీక్ష పర్యవేక్షిస్తున్న జయపాల్ భీమవరం నుంచి ఫోనులో అడిగారు. "రేపు సాయంత్రంలోగా కారణం చెప్పమ్మా. లేకపోతే ఆపేద్దాం."

అశ్విని మేత పుస్తకం తీసింది. ఐదు రోజులూ తవుడు, తెలగపిండి, పచ్చగడ్డి గ్రాము తేడా లేకుండా ఉన్నాయి. అక్కడే అనుమానం వచ్చింది. శనివారం చెప్పకుండా పాలు పితికే వేళకు వెళ్లింది. తొట్లలో ఎండుగడ్డి, గంజి ఉన్నాయి.

"తెలగపిండి ఏదండీ, చంద్రరావుగారూ?"

చంద్రరావు తల్లి వైపు చూశాడు.

"సూది పడిన ఒంటికి తెలగపిండేంటమ్మా?" అంది సంపూర్ణమ్మ. "తొమ్మిది రోజుల పథ్యం పెట్టాను. చిన్నప్పుడు వీడికి టైఫాయిడ్ వస్తే ఇరవై ఒక్క రోజులు ఉంచాను. చూడు, ఎలా ఉన్నాడో."

చంద్రరావు వంద కిలోలుంటాడు.

"మరి పుస్తకంలో అలా రాశారేంటండీ?"

"ఎంత పెట్టాలని మీరు కాగితమిచ్చారో అంతే రాశానండి. తక్కువ రాస్తే మీరు బాధపడతారని."

అశ్విని సంపూర్ణమ్మ వైపు తిరిగింది. "ఆరింటికి వేసింది ఉప్పునీళ్లేనండి. పథ్యం అక్కర్లేదు."

"అవేవో చెప్పు, వాటికి మానేస్తా."

"నాకూ తెలీదండి."

"సూది వేసింది నువ్వు కాదూ?"

"నేనేనండి."

సంపూర్ణమ్మ కొడుకుతో అంది: "ఒరే, అమ్మాయికి కాఫీ ఇయ్యి. నిద్ర లేనట్టుంది."

అశ్విని కాఫీ తాగింది. పాలు ఇంకా తగ్గితే టీకా మూలపడుతుందని, ఏ పాకకూ అందదని చెప్పింది. సంపూర్ణమ్మకు రెండేళ్ల కిందట గొంతువాపుతో నాలుగు గేదెలు పోయాయి. ఆమె లేచి తెలగపిండి తనే కలిపింది.

అశ్విని జయపాల్‌కు ఫోనులో కారణం చెప్పింది. ఆయన పాలు మామూలుకొచ్చాక మళ్లీ మొదటినుంచి చెయ్యమన్నారు.

నెల తరువాత మళ్లీ సూదులు పడ్డాయి. ఈసారి పద్నాలుగు రోజులూ అశ్వినే మేత తూచి వేసింది. పాలు తగ్గలేదు. తరువాత జయపాల్ ఏ అంకె సీసాలో ఏముందో విప్పి చూశారు. టీకా వేసినవాటికీ ఉప్పునీళ్లు వేసినవాటికీ తేడా లేదు.

అశ్విని ఆ మాట చెప్పడానికి స్వీట్లు పట్టుకెళ్లింది.

"జ్వరం రాలేదా?" అంది సంపూర్ణమ్మ.

"లేదండి."

"వాపు?"

"లేదండి."

"నలతైనా?"

"అదీ లేదండి. ఏమీ కాలేదు. టీకా నెగ్గింది!"

సంపూర్ణమ్మ స్వీటు తీసుకుంది. "పన్నెండు సీసాల్లోనూ ఉప్పునీళ్లే ఉన్నాయేమో," అంది, "ఒకసారి చూసుకో అమ్మాయ్."