కుక్క మొరగడం ఆపిన చోట ఎడమకు

మా ఆయన ముప్ఫై నాలుగేళ్ళు సైకిల్ మీద ఉత్తరాలు పంచి రిటైరయ్యాడు. ఆ మర్నాటి నుంచీ పొద్దున్న పదయ్యేసరికి ఉతికిన చొక్కా వేసుకుని, కిటికీ దగ్గర కూర్చుని, నా పనికి వంకలు పెట్టడం మొదలుపెట్టాడు. గిన్నె మీద మూత సగమే పెట్టానని ఒకరోజు, చీపురు తలకిందులుగా ఉందని ఇంకోరోజు. ఆరు నెలలు ఓర్చుకున్నాను. అంత ఓర్పు నాకుందని నాకే తెలియదు. అయితే ఒక మధ్యాహ్నం ఆయన ఖాళీ ఉత్తరాల సంచీ భుజాన తగిలించుకుని వరండాలో ఊరికే నిలబడి ఉండటం చూశాను. నన్ను చూసి, సంచీకి దుమ్ము దులుపుతున్నానన్నాడు. ఆ పూట మాత్రం నాకు ఏడుపొచ్చింది.

ఇలా ఉండగా కాలువల ఆఫీసు వాళ్ళు ఒక ప్రకటన అతికించారు. సెలవు రోజుల్లో వచ్చేవాళ్ళు గట్ల వెంట తీరిగ్గా నడవడానికి తేలికైన దారులు కావాలట. దారి తెలిసినవాళ్ళు కాగితం మీద రాసివ్వాలి. ఆఫీసు మనిషి ఆ కాగితం ఒక్కటే పట్టుకుని, ఎవరినీ అడగకుండా చివరిదాకా చేరితే, ఆ దారిని బోర్డు మీద రాయించి కాలువ లాకుల దగ్గర పెడతారు. మా ఆయన మూడు రోజులు అన్నం దగ్గర కూడా పెన్ను వదల్లేదు. నా చీపురు జోలికి రాలేదు. ఇది గట్టెక్కితే ఇంకా తొమ్మిది దారులున్నాయి, అవన్నీ తిరిగి చూసి రాయాలన్నాడు. గట్టెక్కకపోతే మళ్ళీ ఆ కిటికీయే, మళ్ళీ ఆ సంచీయే.

దారి నడిచి చూడటానికి ఆఫీసావిడ వచ్చే ముందురోజు ఆ కాగితం నా చేతికొచ్చింది. చదివి కుర్చీలో కూలబడ్డాను.

"లాకుల దగ్గర మొదలుపెట్టండి. కాలువ ఎడమచేతి వైపు ఉండాలి. గోధుమరంగు మేక కనబడగానే కుడివైపు గట్టు దిగండి. నీలం దుప్పటి ఆరేసిన ఇంటి పక్క సందులోంచి వెళ్ళండి. తాతయ్య నిద్రపోతున్న చోట చెక్కవంతెన దాటండి. ముందుకు వెళితే కుక్క మొరుగుతుంది. అది మొరగడం ఆపిన చోట ఎడమకు తిరగండి. పంపుహౌసు ముందు బెంచీ వస్తుంది. కూర్చోండి."

తప్పంతా ఆయనదే అనలేను. ముప్ఫై నాలుగేళ్ళూ ఇళ్ళను అలాగే గుర్తుపెట్టుకున్నాడు. పైగా మా వైపు నేల అరచెయ్యంత చదును. ఉన్న ఎత్తల్లా మా మరిది గొంతే. నాలుగు కాలువలూ ఒకేలా ఉంటాయి, ఎనిమిది గట్లూ ఒకేలా ఉంటాయి. ఒక్క మలుపు తప్పితే జమ్ముగడ్డిలో పడి సాయంత్రందాకా తిరగాల్సిందే.

"ఏమండీ, రేపు మేక అక్కడ లేకపోతే?" అన్నాను.

"ఎక్కడికి పోతుంది? పన్నెండేళ్ళుగా అక్కడే ఉంది."

"అది చచ్చిపోయి అయిదేళ్ళయింది. ఇప్పుడున్నది దాని మనవరాలు."

"రంగు అదేగా," అన్నాడు.

ఈయనతో వాదించడం దండగని, చెప్పులేసుకుని బయటపడ్డాను. మేక పాలాయనది. రేపు పదకొండింటిదాకా దాన్ని అక్కడినుంచి కదపొద్దన్నాను.

"అక్కడ గడ్డంతా అయిపోయింది అక్కయ్యా. రేపు అవతలి గట్టున కడదామనుకుంటున్నా."

"గడ్డి నేను తెచ్చి పడేస్తాను. మేకను మాత్రం కదిపావంటే ఊరుకోను."

నీలం దుప్పటి టైలరమ్మది. అప్పటికే ఉతికి, ఆరేసి, మడిచి పెట్టేసింది.

"ఆరిన దుప్పటి మళ్ళీ ఎందుకు ఆరేయాలి పిన్నీ?"

"పొద్దున్నే తడుపు. అప్పుడు ఆరెయ్యొచ్చు."

నా మొహం చూసి సరేనంది. ఇక తాతయ్య. ఒకప్పుడు వాచీలు బాగుచేసేవాడు, ఇప్పుడు వంతెన పక్కన గాలం వేసి నిద్రపోతాడు. రేపు కూడా తప్పకుండా నిద్రపోవాలని చెప్పాను. "అదెంత పనే అమ్మాయ్," అన్నాడు. కుక్కకు మాత్రం ప్రత్యేకంగా చెప్పేదేముందిలే, ఎలాగూ మొరుగుతుందని ఆ ఇంటికి వెళ్ళలేదు. నా బుద్ధి గడ్డి తిన్నది అక్కడే.

మర్నాడు తొమ్మిదిన్నరకు ఆఫీసావిడ లాకుల దగ్గర దిగింది. చిన్న వయసే. కాళ్ళకు పెద్ద బూట్లు, నెత్తిన టోపీ. మా ఆయన ఆమె చేతిలో కాగితం పెట్టి, సైకిలెక్కి పెద్ద రోడ్డు మీదుగా పంపుహౌసు బెంచీకి వెళ్ళిపోయాడు. నేను అంతకు ముందే బయల్దేరి దారంతా చూసుకుంటూ పోయాను. మేక ఉంది. దుప్పటి నీళ్ళోడుతూ వేలాడుతోంది. తాతయ్య మాత్రం కళ్ళు బిగించి, వీపు నిటారుగా పెట్టి, ఫొటోకి కూర్చున్నట్టు కూర్చున్నాడు.

"ఏంటి తాతయ్యా, ఇంకా నిద్రపోలేదా?"

"నిద్రపొమ్మన్నాక రావట్లేదమ్మాయ్. రాత్రి నుంచీ ఇదే బెంగ. కంటిమీద కునుకుంటే ఒట్టు."

"పోనీ గురకైనా పెట్టండి," అని వంతెన దాటాను.

కుక్క ఇంటి గేటుకు తాళం. తాళానికి ఒక చీటీ. "వియ్యంకుడిగారింటికి వెళుతున్నాం. గురువారం వస్తాం. పాలు వద్దు." కుక్కను కూడా వెంటబెట్టుకుని పోయారు. వియ్యంకుడింటికి కుక్కేమిటో నాకర్థం కాదు. వెనక్కి తిరిగి చూస్తే టోపీ వంతెన మీదికి వచ్చేసింది. ఆ పక్కనుంచి తాతయ్య గురక రంపం కోసినట్టు వినబడుతోంది. చదును నేల, నిలబడితే అల్లంత దూరానికి కనబడిపోతాను. చటుక్కున కంచె వెనక్కి దూరాను.

నేను ముగ్గురు పిల్లల్ని పెంచాను, అత్తగారికి పదేళ్ళు సేవ చేశాను. మొరగడం మాత్రం ఎన్నడూ చేయలేదు. మోకాళ్ళ మీద కూర్చుని గొంతు సవరించుకున్నాను. మొదటిది పిల్లి తుమ్మినట్టొచ్చింది. రెండోదానికి దారిలో పడ్డాను. ఆరు నెలల కోపం ఉంది కదా లోపల, ఆ చీపురూ ఆ మూతా తలుచుకునేసరికి మొరుగు దానంతటదే తన్నుకొచ్చింది. కంచెకు అవతల బూట్లు నడుస్తుంటే, ఇవతల నేను పాకుతూ మొరిగాను. ఇంకో పదడుగుల్లో మలుపు ఉందనగా దగ్గు తెర పట్టుకుంది. బూట్లు ఆగిపోయాయి. అక్కడ ఎడమకు తిరిగితే నేరుగా జమ్ములోకే. నా ప్రాణం పోయినంత పనైంది. దగ్గుతూనే, కళ్ళనీళ్ళు కారుతుండగానే, ఇంకో నాలుగు మొరిగాను. బూట్లు కదిలాయి. సరిగ్గా మలుపు దగ్గర ఆపేశాను.

కంచె పైనుంచి ఒక నీళ్ళసీసా మెల్లగా కిందికి దిగింది.

"తాగండి," అంది ఆమె.

తీసుకుని తాగాను. ఒక్క మాట మాట్లాడలేదు. మాట్లాడితే మనిషిని అడిగినట్టవుతుందేమోనని భయం. ఆమె ఎడమకు తిరిగి వెళ్ళిపోయింది. చీర నిండా పల్లేరుకాయలతో నేను కాస్త వెనకగా వెళ్ళి పంపుహౌసు గోడ పక్కన నిలబడ్డాను.

"ఎవరినీ అడక్కుండానే వచ్చాను," అంటోంది ఆఫీసావిడ. మా ఆయన మొహం వెలిగిపోయింది.

"కానీ బోర్డు మీద రాయించడం కుదరదండీ. రేపు మేకకు జ్వరమొస్తే? దుప్పటి చిరిగితే?"

 మా ఆయన కాగితం ఆమె దగ్గర్నుంచి తీసుకుని నాలుగు మడతలు పెట్టాడు.

"మీరు చెప్పింది నిజమే మేడమ్. అసలు ఈరోజు మొరిగింది కూడా కుక్క కాదు, మా ఆవిడ. ఇక్కడిదాకా వినబడింది. ముప్ఫై నాలుగేళ్ళు కుక్కలు వెంటపడిన మనిషిని, ఆ మాత్రం తేడా తెలీదా నాకు. కాబట్టి దారి ఫెయిలైనట్టే."

గోడ పక్కన నేను చీరకంటుకున్న పల్లేరుకాయలు ఒక్కొక్కటే పీకసాగాను. చేసిన పనికి సిగ్గేసింది.

ఆఫీసావిడ టోపీ తీసి విసురుకుంది. "పెయింటు బోర్డు కుదరదన్నాను గానీ, నల్లబల్ల పెట్టొచ్చు. ఏ రోజుకారోజు ఎవరైనా దారంతా తిరిగి చూసి, ఎక్కడ ఏముందో సుద్దముక్కతో రాయాలి. ఎండయినా వానయినా మానకూడదు. అలాంటి మనిషి దొరకడం కష్టమనుకోండి."

"ఎన్నింటికల్లా రాసెయ్యాలి?" అన్నాడు మా ఆయన.

సోమవారం పొద్దున్న పదింటికి ఇంట్లో నేను ఒక్కదాన్నే ఉన్నాను. చీపురు నా ఇష్టమొచ్చినట్టు నిలబెట్టాను. హాయిగా టీ తాగి, ఆ బల్ల ఏదో చూద్దామని లాకులదాకా నడిచాను. మా ఆయన సైకిల్ అప్పుడే గట్టు మలుపు దాటుతోంది, భుజాన సంచీ. బల్ల మీద అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి. మేక అవతలి గట్టున ఉందట. దుప్పటికి బదులు పచ్చ తువ్వాలట. తాతయ్య మెలకువగానే ఉన్నాడు, పలకరించవద్దట. ఆ కింద ఇలా ఉంది.

"కుక్క గురువారం వస్తుంది. అప్పటిదాకా ఎడమకు తిరగాల్సిన చోట మా ఆవిడ నిలబడి ఉంటుంది. కరవదు."

నన్నొక్క మాట అడిగిన పాపాన పోలేదు. ఈ మనిషి ఇంటికి రానీ, చెబుతా అనుకున్నాను. అంతలో టోపీలు పెట్టుకున్న ముసలి జంట ఒకటి నా వెనకే వచ్చి, ఆ వాక్యం చదివి, చేతికర్రలు సర్దుకుని గట్టెక్కారు. చెప్పులు చేతబట్టుకుని, వాళ్ళకంటే ముందు చేరాలని పొలాలకడ్డంపడి పరిగెత్తాను.