సరిగ్గా మధ్యలో ఉన్న ఊరు

నేను ఒక స్కూటర్ని. అలా చెప్పుకోవడానికి ఇప్పుడు నా ఒంటిమీద పెద్దగా ఏమీ మిగల్లేదనుకోండి. ముందు చక్రం ఎవరి బండికో వెళ్ళిపోయింది. సీటు కింద అరలో మెకానిక్ సత్తిబాబు తన అన్నం క్యారేజీ పెట్టుకుంటున్నాడు. హెడ్‌లైటు ఉంది గానీ వెలగదు. తునిలో ఈ షెడ్డు గోడకి ఆనించి పడేశారు. వచ్చేపోయేవాళ్ళని చూస్తూ పాత సంగతులు నెమరేసుకుంటూ ఉంటాను. మీరు దొరికారు కాబట్టి చెబుతాను. ఒక్కమాట మాత్రం ముందే చెప్పాలి, ఇది నవ్వుకునే కథ కాదు.

నేను ఎక్కడో పెద్ద కర్మాగారంలో పుట్టాను. నాలాంటివాళ్ళు రోజుకి వందల మంది పుట్టేవాళ్ళు కాబట్టి నా పుట్టుకకి ఎవరూ సంబరపడలేదు. నెమలికంఠం రంగు వేసి పంపారు. మొదట నన్ను కొన్నది అన్నవరం దగ్గర ఒక పోస్టుమాస్టరు గారు. మహానుభావుడు! ఆదివారం ఆదివారం నాకు తలంటి పోసినంత శ్రద్ధగా కడిగేవారు, తుడిచేవారు, దుప్పటి కప్పేవారు. ఎక్కడం మాత్రం ఎక్కేవారు కాదు. గీతలు పడతాయని బెంగ. పోస్టాఫీసుకి సైకిల్ మీదే వెళ్ళేవారు. మనుషులు ఒక వస్తువుని ప్రేమించడమంటే దాని పని దాన్ని చెయ్యనివ్వకపోవడమేనని నేను ఆయన దగ్గర నేర్చుకున్నాను. తర్వాత ఆయనకి బదిలీ అయింది. అప్పుడు తుని నుంచి ఒక జంట వచ్చి నన్ను చూశారు.

ఆయన పేరు పట్టాభి, విశాఖపట్నంలో ఒక యూనివర్సిటీలో గణాంకశాస్త్రం చెబుతాడు. పర్మనెంటు ఉద్యోగం. ఆమె పేరు హైమవతి, అందరికీ హైమ. రాజమండ్రి అవతల ఇంకో యూనివర్సిటీలో రసాయనశాస్త్రం చెబుతుంది. ఆమెది కాంట్రాక్టు ఉద్యోగం, ఏటా జూన్‌లో పొడిగిస్తే ఉన్నట్టు, లేకపోతే లేనట్టు. పరిశోధన చేసే రోజుల్లో ఒకే లైబ్రరీలో పరిచయమై పెళ్ళి చేసుకున్నారట. చేసుకున్నాక అసలు చిక్కు ఎదురైంది. కాపురం ఎక్కడ పెట్టాలి?

మామూలు మనుషులైతే ఎవరి ఉద్యోగం గట్టిది, ఎవరిది గాలిలో దీపం అని ఆలోచించి, గాలిలో దీపం ఉన్నవైపు జరిగి కూచుంటారు. వీళ్ళు బాగా చదువుకున్నవాళ్ళు. పట్టాభి రైల్వే మ్యాపు తెచ్చి నేలమీద పరిచాడట. విశాఖ నుంచి రాజమండ్రిదాకా పట్టాల వంపుల వెంబడి నూలుదారం పరిచి, ఆ దారాన్ని రెండుగా మడిచి, మడత ఎక్కడ పడిందో చూశాడట. దాదాపు తుని మీద పడింది. ఒకవైపు ఆరేడు కిలోమీటర్లు ఎక్కువ తేలింది. ఆ ఎక్కువ హైమవైపు పడింది. "ఆరేడేగా" అన్నాడట. ఆమె కూడా నవ్వి ఒప్పుకుందట. ఆ కథని ఇద్దరూ ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ ఎంత మురిసిపోతూ చెప్పుకునేవారో! మేడమెట్ల కింద నా చోట నిలబడి నేనే పదిసార్లు విన్నాను.

తునిలో వాళ్ళకి చుట్టం లేడు, పక్కం లేడు. స్టేషన్‌కి రెండు కిలోమీటర్లలో మేడమీద వాటా, ఒక స్కూటరు, ఇద్దరికీ చెరో రైలు పాసు. పొద్దున్నే ఇద్దరూ నామీద స్టేషన్‌కి వచ్చేవారు. నూకరాజు నడిపే సైకిల్ స్టాండులో నన్ను పెట్టి, ఆమె ఒక ప్లాట్‌ఫారం మీదికీ, అతను ఇంకో ప్లాట్‌ఫారం మీదికీ వెళ్ళేవారు. సాయంత్రానికి వాళ్ళకో నియమం ఉండేది. ఎవరు ముందు దిగితే వాళ్ళు నా దగ్గర నిలబడాలి. రెండోవాళ్ళు వచ్చాకే ఇద్దరూ కలిసి ఇంటికి వెళ్ళాలి. ఒక్కళ్ళే ఇంటి తాళం తియ్యకూడదు. మొదట్లో నాకు ఇది భలే ముచ్చటగా ఉండేది. పట్టాభి నా సీటుకి ఆనుకుని వేరుశనక్కాయలు తింటూ, ఆమె వంతు రుమాల్లో దాచేవాడు. ఆమె ఆయాసపడుతూ వచ్చి "చాలాసేపయిందా అండీ?" అనేది.

ఆ ప్రశ్న ఎప్పుడూ ఆమే అడిగేది. అతనికి అడగాల్సిన అవసరం ఒక్కరోజూ రాలేదు. నాకు ఇది అర్థం కావడానికి ఏడాది పట్టింది. లెక్కల మేష్టారికి ఎప్పటికీ అర్థం కాలేదు.

సంగతేమిటంటే, దారం కిలోమీటర్లని కొలిచింది గానీ రైళ్ళని కొలవలేదు. అతనికి దొరికేది ఎక్స్‌ప్రెస్, నడుమ రెండు చోట్ల ఆగి విశాఖలో దింపేస్తుంది. దిగితే అయిదు నిమిషాలకో బస్సు. ఆమెకి దొరికేది పాసింజరు. ప్రతి స్టేషన్లోనూ ఆగుతుంది, పైగా వెనకొచ్చే పెద్ద రైళ్ళన్నిటికీ దారిచ్చి పక్క లైన్లో పడుకుంటుంది. రాజమండ్రిలో దిగాక ఒక ఆటో, అది దిగి ఇంకో ఆటో. అతనికి రెండు గంటల లోపు, ఆమెకి మూడున్నర. అక్కడ అతనిది రిజిస్టర్లో సంతకం, ఎప్పుడు పెట్టినా సంతకమే. ఆమెది వేలిముద్ర యంత్రం. తొమ్మిదిన్నర దాటితే ఎర్రదీపం. మూడు ఎర్రదీపాలకి సగంరోజు సెలవు కోత, ఆపైన జూన్‌లో పొడిగింపు కాగితం మీద వాటి లెక్క.

రెండో ఏడు నియమం సడలింది. "నేను ముందెళ్ళి కుక్కర్ పెడతాను, నువ్వు ఫోన్ చేస్తే వచ్చి తీసుకెళ్తా" అన్నాడు. మంచిమాటేగా అనుకున్నాను. కొన్నాళ్ళు వచ్చాడు. తర్వాత "ఆటోలో వచ్చెయ్ హైమా, పరీక్ష పేపర్లు దిద్దుతున్నా" అన్నాడు. ఆమె స్టాండుకి వచ్చిన సంగతి మర్నాడు పొద్దున నూకరాజు నోట వినేదాన్ని.

"సారుగారు నిన్న బండేసుకుని ఎల్లిపోనారండి మేడంగారూ. మీకు సెప్పలేదేటండి?"

"చెప్పారు నూకరాజూ. నేనే మర్చిపోయాను" అనేది హైమ.

మర్చిపోలేదు. అయినా అలవాటుకొద్దీ నా చోటుదాకా నడిచి వచ్చి, ఖాళీ చోటు చూసి వెనక్కి తిరిగేదట. నేను ఆ వేళకి మేడమెట్ల కింద చల్లగా పడుకుని ఉండేదాన్ని. నాకు నోరుంటే అతన్ని కడిగేసేదాన్ని. నోరు లేకపోబట్టి పొద్దున ఒకటికి పది కిక్కులు తిన్నాకగాని స్టార్టయ్యేదాన్ని కాదు. దానికీ ఆలస్యమయింది ఆమెకే. చూశారా నా తెలివి!

నాలుగో ఏడు ఫిబ్రవరిలో ఒకరోజు స్టేషన్‌కి వస్తుంటే వెనక సీటు మీంచి హైమ అడిగింది. ఎన్నాళ్ళనుంచి గొంతులో పెట్టుకుందో.

"ఏవండీ, ఈ ఒక్క ఏడాదీ సామర్లకోటలో ఉందామా? అక్కణ్ణుంచి నాకు గంటన్నరలో అయిపోతుంది. ఈసారి నా ఎర్రదీపాలు చాలా ఉన్నాయి. రెన్యువల్ ఆపేస్తారేమోనని భయంగా ఉంది."

"అప్పుడు నాకు నూటయాభై కిలోమీటర్లవుతుంది హైమా. నీకు యాభై, నాకు నూటయాభై. అది న్యాయమేనా? నువ్వే చెప్పు."

"కిలోమీటర్లు కాదండీ, గంటలు చూడండి."

"గంటలు రోజుకో రకంగా ఉంటాయి. దూరం మారదు. మనం కొలుచుకునే కదా వచ్చాం!"

అతను కసిగా అన్నమాట కాదది. అదే నా బాధ. కసితో అంటే ఆమె పోట్లాడేది, నేనూ సంతోషించేదాన్ని. అతను నిజంగానే నమ్మాడు, తను ఆమెకి ఏ అన్యాయమూ చెయ్యలేదని. సమానంగా పంచాక ఇంకా ఏడిస్తే అది ఏడ్చేవాళ్ళ తప్పేగా! పాసింజరు ఆరోజు గంట ఆలస్యంగా వచ్చింది.

జూన్‌లో పొడిగింపుల జాబితా వచ్చింది. ఆరేళ్ళు పనిచేసిన మనిషి పేరు అందులో లేదు. స్టాండులో నన్ను పెడుతుండగా ఆమెకి ఫోనొచ్చింది. తోటి లెక్చరరు చేసింది కాబోలు. "సరే జానకీ, సరే" అని రెండుసార్లు అని ఫోన్ బ్యాగులో పెట్టుకుంది. పాసింజరు వచ్చింది, ఆగింది, వెళ్ళిపోయింది. హైమ నా హ్యాండిల్ పట్టుకుని అలాగే నిలబడింది. నూకరాజు ఆమె మొహం చూసి, కుర్చీ తెచ్చి వేశాడు. ఆమె కూచోలేదు.

పట్టాభి ఆవేళ ఇంకా బయల్దేరలేదు, ఎదుటి ప్లాట్‌ఫారం మీద ఉన్నాడు. ఆమె ఫోన్ చేసి చెప్పగానే వంతెన ఎక్కి పరుగున వచ్చాడు. ఆ పరుగు చూసి నేను, ఛ, మనిషిని తప్పుపట్టానే అనుకున్నాను. వచ్చి ఆమె భుజం మీద చెయ్యేశాడు.

"పోతే పోయింది హైమా. నీ ఆరోగ్యం కూడా పాడైపోతోంది. ఒకందుకు మంచిదే. ఇంక ఎక్కడుండాలి అన్న గొడవే లేదు. హాయిగా వైజాగ్ వెళ్ళిపోదాం. ఇల్లు నేను రేపే చూస్తాను."

అతని గొంతులో ఎంత తేలిక! నాలుగేళ్ళుగా మోస్తున్న బరువేదో దింపేసినవాడిలా ఉన్నాడు. ఆమె తలెత్తి అతన్ని చూసింది.

"ఇన్నాళ్ళూ గొడవంటే నా ఉద్యోగమేనా అండీ?"

"అబ్బే, అలా అని కాదు..."

"మరెలా?"

ఇంతలో అతని రైలు వస్తోందని మైకులో చెప్పారు. క్లాసుందంటూ వెళ్ళాడు. ఒళ్ళు మండిపోయింది నాకు. ఆ ఒక్క పూటా ఆగితే పిల్లలకి గణాంకశాస్త్రం రాకుండా పోయేదా?

ఆమె వైజాగ్ వెళ్ళలేదు. రాజమండ్రిలో ఒక ప్రైవేటు కాలేజీలో చేరి, గది తీసుకుంది. అతను వైజాగ్‌లో గాలి వెలుతురూ ఉన్న ఇల్లు తీసుకున్నాడు. ఎవరూ ఎవరినీ వదిలెయ్యలేదు, అలాంటి మాటేదీ ఎవరూ అనలేదు. సామాను ఎవరివి వాళ్ళు పట్టుకెళ్ళారు. నన్ను మాత్రం అతను పట్టుకెళ్తాడని ఆమె, ఆమె పట్టుకెళ్తుందని అతను అనుకున్నారు. ఎనిమిది నెలలు నూకరాజు స్టాండులో ఎండకి ఎండి వానకి తడిశాను. చివరికి నూకరాజే విసిగి ఇద్దరికీ ఫోన్లు చేసి, సత్తిబాబుకి నన్ను అమ్మే ఏర్పాటు చేశాడు.

ఒక ఆదివారం మధ్యాహ్నం ఇద్దరూ వచ్చారు. అతను అటు రైల్లోంచి, ఆమె ఇటు రైల్లోంచి. కుశలప్రశ్నలు వేసుకున్నారు. "చిక్కావు" అన్నాడతను. "మీరూ" అందామె. బండి ఆమె పేరున ఉంది కాబట్టి సంతకం ఆమెదే కావాలి. నూకరాజు ఫారం నా సీటు మీద పరిచి పెన్ను తీశాడు.

"అడ్రసు రాయాలండి. ఎక్కడండీ ఇల్లు?"

"విశాఖపట్నం" అన్నాడు పట్టాభి.

"రాజమండ్రి" అంది హైమ.

ఇద్దరూ ఒక్కసారే అన్నారు. నూకరాజు తల దించుకునే, "ఒకటే గడి ఉందండి" అన్నాడు.

హైమ అతని చేతిలో పెన్ను తీసుకుని తనే రాసింది. డోరు నంబరు, వీధి పేరు, పేట పేరు. పట్టాభి ఆమె భుజం మీదుగా వంగి, అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ చదివాడు. ఎనిమిది నెలల్లో ఆ వీధి పేరు అతను చూడటం అదే మొదలని నాకర్థమయింది.

"ఇది ఎంత దూరం?" అని అడిగాడు.

"ఎవరికండీ?" అంది హైమ, సంతకం పెడుతూ.