మూడో రోలరు

కెమెరాలు బాగుచేసే మెకానిక్కుని ఆ వీధిలో అందరూ ఆకురాయి అనే పిలిచేవారు. కట్టుకున్న పెళ్ళాం కూడా అంతే. చేతిలో ఆకురాయి ఉన్నంతసేపూ పని, అది కింద పెట్టిన మరుక్షణం కోతలు. ఎవరైనా పాత ఫిల్ము కెమెరా పట్టుకుని గడప తొక్కితే చాలు, బల్లమీద మూడు ఫిల్ముముక్కలు పరిచేవాడు.

"ఇది ఎనిమిది ఎం.ఎం. బొమ్మ చిటికెనవేలి గోరంత. ఇదేమో సూపర్ ఎనిమిది. వెడల్పు అంతే, కాకపోతే చిల్లులు చిన్నవి చేసి, మిగిలిన చోటు బొమ్మకిచ్చారు. ఇంటి గోడలు పల్చన చేసి గది పెంచుకున్నట్టు. ఇది పదహారు. మామూలుగా రెండుపక్కలా చిల్లులుంటాయి. ఒకపక్క చిల్లులు లేని ఫిల్ము తెచ్చుకుంటే, గేటుని, అంటే ఫిల్ముమీద బొమ్మ పడే కిటికీని, ఆ పక్కకి అరగదీసి బొమ్మని వెడల్పు చేసిస్తా. వెనకటికి ఒకడికి ఎంత వెడల్పు చేశాననుకున్నారు? వాడి పెళ్ళి ఫిల్ములో, ఎదురింటి మేడమీద పళ్ళు తోముకుంటున్నాయన కూడా పడ్డాడు!"

ఆ రోజు పదహారు కెమెరా తెచ్చిన లెక్కల టీచరమ్మ నవ్వలేదు. "నాకు కోతలొద్దండీ, వెడల్పు కావాలి" అంది.

ఆవిడ అన్నయ్య ఇరవై రెండేళ్ళుగా నది దాటించే మోటారు పడవ నడుపుతున్నాడు. వంతెన పూర్తయింది. ఆదివారం ఆఖరి దాటు; సోమవారం పడవ ముక్కలు చేసే చోటికి వెళ్ళిపోతుంది. "పడవ నడిపే గది అగ్గిపెట్టంత. మా అన్నయ్యా, ఎదురుగా నదీ ఒకే బొమ్మలో పట్టాలి" అంది.

ఆకురాయి మనసు పెట్టే చేశాడు. గేటు అరగదీశాడు, లెన్సుని కొత్త నడిమధ్యకి జరిపాడు, ప్రొజెక్టరుకి కూడా వెడల్పు గేటు చేశాడు. ఇక మిగిలినవి కెమెరా లోపల ఫిల్ముని నడిపించే నాలుగు రోలర్లు. వాటికి నడుము సన్నం, భుజాలు ఎత్తు. భుజాలు ఫిల్ము అంచుల్ని మాత్రమే తాకుతాయి. బొమ్మ అంచుదాకా వచ్చేసినప్పుడు ఆ పక్క భుజాన్ని కూడా తగ్గించాలి. లేకపోతే బొమ్మనే గీరేస్తుంది. రెండు తగ్గించాడు. మూడోది చేతిలోకి తీసుకునేసరికి పాత నేస్తం ఒకడు గుమ్మంలో నిలబడ్డాడు. ఇంకేముంది, ఆకురాయి కిందికి, కథ పైకి. కథ ముగిసేసరికి మూడోది దాని చోట్లోకి వెళ్ళిపోయింది, చెయ్యి నాలుగోదాని మీద పడింది. పని అయ్యాక చెత్త ఫిల్ము ఒక బారెడు తిప్పి భూతద్దంలో చూడడం ఆయన నియమం. టీచరమ్మ గుమ్మంలో నిలబడి గడియారం చూసుకుంటోందని ఆ రోజు అదీ మానేశాడు.

పది రోజులకి ఆవిడ ఫిల్ము తెచ్చి బల్లమీద పెట్టింది. మొదటినుంచి చివరిదాకా, కొత్తగా పెరిగిన పక్కన, వెంట్రుక మందాన తెల్లటి గీత. వంకరలేని గీత. చూడగానే ఆకురాయికి తెలిసిపోయింది. మూడో రోలరు! కానీ నోరు వేరే మాట అనేసింది.

"మా బావమరిది లాబు యంత్రం పాతకాలందమ్మా. దాని రోలర్లు పాత వెడల్పుకి చేసినవి."

ఆవిడ నేరుగా లాబుకి పోయి, ఫిల్ము కడిగే ఆ బావమరిదిని నలుగురిలో కడిగేసింది.

మర్నాడు ఆకురాయి, కెమెరా సరిచూస్తానని ఆవిడ దగ్గర అడిగి తెచ్చి విప్పాడు. మూడో రోలరు భుజం ఎత్తుగా, మిలమిల్లాడుతూ ఉంది. చప్పుడు చెయ్యకుండా దాన్ని తగ్గించేసి మూత బిగించాడు. ఇక సాక్ష్యం లేదు. హాయిగా ఉండాలా? ఉండలేకపోయాడు. "ఏంటి, కోతలు బందా?" అని పెళ్ళాం వెక్కిరించింది.

నాలుగోనాడు బావమరిది ఒక రేకు పెట్టె మోసుకొచ్చాడు.

"బావా, నీ సన్న ఆకురాయి ఓసారి ఇవ్వు."

"దేనికిరా?"

"నా రోలర్ల భుజాలు ఎత్తన్నావటగా. నువ్వన్నాక ఇంకేముంది? ముప్ఫై ఆరున్నాయి. పన్నెండు అరగదీసేసరికి నాదాని పళ్ళు పోయాయి." పెట్టె మూత తీశాడు. "నా చేతికి అవి సొట్టపోయినట్టున్నాయి బావా. ఫిల్ము పక్కకి జారిపోతోంది. మిగతావి నువ్వే చెయ్యి. నీ చెయ్యి వేరు కదా."

ఆకురాయి పెట్టెలోకి చూశాడు. ఇరవై నాలుగు నిక్షేపంలాంటి రోలర్లు. పక్కన గుడ్డలో చుట్టిన పన్నెండు, పిల్లి పీకినట్టు.

"వెనకటికి ఒకడు..." అని అలవాటుకొద్దీ మొదలుపెట్టాడు. ముందుకి సాగలేదు.

"ఒకడు?" అన్నాడు బావమరిది నవ్వడానికి సిద్ధపడి.

"వెనకటికి కాదురా, మొన్ననే. ఒకడు కాదు, నేనే. తప్పు నీ రోలర్లది కాదు. కెమెరాలో మూడోదాని భుజం తగ్గించడం మర్చిపోయాను."

బావమరిది నవ్వు అలాగే ముఖంమీద ఉండిపోయింది, తీసెయ్యడం మర్చిపోయినట్టు.

"ఏదీ, చూపించు."

"అరగదీసేశాను."

"ఎప్పుడు?"

"ఆవిడ నిన్ను తిట్టిన మర్నాడు."

"అంటే నేను మొదటి రోలరు పట్టుకున్న రోజు." వాడు గుడ్డ మళ్ళీ చుట్టాడు. "అక్కకి తెలుసా?"

"లేదు."

"లే. చెప్పులేసుకో."

టీచరమ్మ నోటుపుస్తకాలు దిద్దుకుంటోంది. ఆకురాయి కుర్చీలో కూర్చోకుండానే మొత్తం చెప్పేశాడు, మసాలా ఏమీ కలపకుండా. చివర్లో గొణిగాడు: "ప్రొజెక్టరులో పాత గేటు పెడితే గీత కనపడదమ్మా."

ఆవిడ కర్టెన్లు లాగి, పాత గేటే పెట్టి తిప్పింది. గీత లేదు. నది ఉంది, ఎదుటి గట్టు ఉంది, ఒక మూల ఒక మోచెయ్యి ఉంది.

"మా అన్నయ్య ఏడండీ?"

ఆవిడ వెడల్పు గేటు పెట్టింది. చక్రం పట్టుకున్న మనిషి కనిపించాడు. చెంపమీదుగా, పైనుంచి కిందిదాకా గీత. ఆయన కదిలినా అది కదల్లేదు.

"కూర్చోండి. నాలుగు రీళ్ళూ చూడండి."

చూశాడు. రెండో రీలులో అన్నయ్య చెల్లెలివైపు తిరిగి ఏదో అని పకపకా నవ్వాడు. ఆకురాయి తల వంచుకోబోతే, పక్కనుంచి బావమరిది మోచేత్తో పొడిచాడు.

రీళ్ళయ్యాక ఆవిడ కర్టెన్లు తీసి, బావమరిదివైపు తిరిగింది. "మిమ్మల్ని అనరాని మాటలన్నానండీ. అక్కడితో ఆగానా? కనపడినవాళ్ళకల్లా చెప్పాను, మీ దగ్గరికి ఫిల్ములు పంపొద్దని."

"ఎవరెవరికి చెప్పారో రాసివ్వండమ్మా. ఒక్కొక్కరి దగ్గరికీ నేనే వెళ్తాను" అన్నాడు ఆకురాయి.

"ఏ కథ చెప్పడానికి?" అన్నాడు బావమరిది.



ఆవిడ నోటుపుస్తకంలో కాగితం చింపి రాయడం మొదలుపెట్టింది. లెక్కల టీచరు కదా, అంకెలు వేసి మరీ రాసింది. పంతొమ్మిది దగ్గర ఆగి, కాసేపు ఆలోచించి, ఇంకొకటి కలిపింది. మొదటిది వీధి మొదట్లోని ఫొటో స్టూడియో. ఆకురాయి కాగితం మడిచి జేబులో పెట్టుకుని, తలుపు తెరిచి అటే నడిచాడు.